ప్రైవసీ యాప్ అనగానే నమ్మేయకండి, మారే ముందు ఇలా చెక్ చేసుకోండి

2021 జనవరిలో వాట్సాప్ కొత్త పాలసీ అని ఫోన్లలో ఒక నోటీసు వచ్చింది గుర్తుందా? ఒప్పుకోకపోతే ఎకౌంట్ పోతుందని అందరూ కంగారుపడ్డారు, ఈలాన్ మస్క్ 'యూజ్ సిగ్నల్' అని రెండు ముక్కలు ట్వీట్ చేశాడు, ఇక జనం సిగ్నల్ అనే ఆ ఇంకో చాట్ యాప్ మీద ఎగబడ్డారు. ఆ ఊపులో నేను కూడా మా ఫ్యామిలీ గ్రూపు మొత్తాన్ని, పద్దెనిమిది మందిని, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరి ఫోన్ లాక్కుని మరీ సిగ్నల్‌లో చేర్పించా. సరిగ్గా కనుమ రోజు రాత్రి, అంటే జనవరి 15న, లోడ్ తట్టుకోలేక సిగ్నల్ సర్వర్లు పడుకున్నాయి. "ఏరా, నీ సిగ్నల్‌కే సిగ్నల్ లేదంట కదా" అని మా బాబాయ్ ఇప్పటికీ ప్రతి పండక్కీ గుర్తుచేస్తాడు. నెల తిరిగేలోపు పద్దెనిమిది మందీ వాట్సాప్‌కి వెళ్ళిపోయారు, నేనూ వెళ్ళా, వెళ్ళక ఏం చేస్తాను, పెళ్ళిళ్ళ పిలుపులు కూడా అక్కడే వస్తున్నాయి.

తర్వాత నాలుగైదేళ్ళలో నేను చాలా మార్చా, మెయిల్ మార్చా, బ్రౌజర్ మార్చా, సెర్చ్ మార్చా, వీపీఎన్‌కి (మన నెట్ ట్రాఫిక్‌ని వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సర్వీస్) డబ్బులు కూడా కట్టా. కొన్ని నిజంగా పనికొచ్చాయి, కొన్ని ఉత్త బోర్డు మాత్రమే. తెలిసిన వాళ్ళు "గూగుల్ వద్దు అనుకుంటున్నా, ఏం వాడాలి" అని అడుగుతుంటారు, నేను యాప్ పేరు చెప్పడం మానేశా, ఎలా చూసుకోవాలో చెప్తున్నా. అదే ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఎవరి దగ్గర దాచాలో తేల్చుకోండి

చాలామంది ఈ స్టెప్ దాటేస్తారు, నేనూ దాటేశా. ప్రైవసీ కావాలి సరే, ఎవరి నుంచి? యాడ్స్ వేసే కంపెనీ నుంచా, ఆఫీసు ఐటీ వాళ్ళ నుంచా, హాస్టల్ రూమ్మేట్ నుంచా, పోలీసుల నుంచా, ఓటీపీ దొంగల నుంచా? ఒక్కొక్కరికి ఒక్కో మందు ఉంటుంది, అన్నిటికీ పనిచేసే మాత్ర లేదు.

మన దగ్గర జరిగిందే చూడండి. 2020 చివర్లో తెలంగాణలో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల గొడవ వచ్చింది, అయిదు వేలకీ పది వేలకీ అప్పు తీసుకున్నవాళ్ళ ఫోన్‌లో కాంటాక్ట్స్ మొత్తం లాగేసుకుని బంధువులకీ ఆఫీసు వాళ్ళకీ ఫోన్లు చేసి పరువు తీశారు, కొంతమంది ప్రాణాలు కూడా తీసుకున్నారు. ఆ మనుషుల్ని ప్రోటాన్ లాంటి తాళం వేసే మెయిల్ కాపాడేది కాదు, డక్‌డక్‌గో లాంటి ప్రైవేట్ సెర్చ్ కాపాడేది కాదు, కాంటాక్ట్స్ పర్మిషన్ దగ్గర 'డినై' నొక్కి ఉంటే ఆ యాప్‌కి అసలు లిస్టే దొరికేది కాదు. కాబట్టి కొత్త యాప్‌లు వేసుకునే ముందు సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ ఓపెన్ చేసి కాంటాక్ట్స్, లొకేషన్, మైక్, ఎస్ఎంఎస్ ఈ నాలుగూ ఎవరెవరికి ఇచ్చారో చూడండి. టార్చిలైట్ యాప్‌కి మీ కాంటాక్ట్స్ ఎందుకండీ?

ఇంకో పది నిమిషాలుంటే గూగుల్ ఎకౌంట్‌లోకి వెళ్ళి 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' ఆపేయండి, ఆపడం ఇష్టం లేకపోతే 3 నెలలకి ఆటో డిలీట్ పెట్టండి, టైమ్‌లైన్ అంటే లొకేషన్ హిస్టరీ కూడా చూడండి, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాడ్స్ దగ్గర అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. ఇదంతా ఫ్రీ, ఏ యాప్ మార్చక్కర్లేదు, నా లెక్కలో మామూలు మనిషికి సగం లాభం ఇక్కడే వచ్చేస్తుంది.

కోర్టు కాగితం వచ్చిన రోజు ఏం ఇచ్చారు?

ఇది నేను కనిపెట్టిన పరీక్షేం కాదు గానీ నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఇదొక్కటే. ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లో 'మీ ప్రైవసీ మాకు ముఖ్యం' అనే రాస్తుంది, పాలసీ కాగితం ఎంత చదివినా ఏమీ తేలదు. ఒక దేశం పోలీసులో కోర్టో వచ్చి ఫలానా మనిషి వివరాలు ఇవ్వండి అన్నప్పుడు చేతికి ఏం ఇచ్చారు, అది చూడాలి. ఇచ్చారంటే వాళ్ళ దగ్గర ఉన్నట్టు, లేనిది ఎవడూ ఇవ్వలేడు కదా.

సిగ్నల్‌ని 2016లో అమెరికాలో వర్జీనియా గ్రాండ్ జ్యూరీ అడిగింది. వాళ్ళు ఇవ్వగలిగింది రెండే ముక్కలు, ఎకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. ఎవరితో మాట్లాడారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు, ఏం లేదు. స్వీడన్‌లో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఉంది, 2023 ఏప్రిల్ 18న గోథెన్‌బర్గ్ ఆఫీసుకి పోలీసులు సెర్చ్ వారెంట్‌తో వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళారు. అక్కడ ఎకౌంట్ తెరవడానికి మెయిల్ ఐడీ కూడా అడగరు, ఒక నంబర్ ఇస్తారు అంతే, ఇక కస్టమర్ల లిస్టు ఎక్కడిది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. హష్‌మెయిల్ అని కెనడా కంపెనీ, ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ అని గొప్పగా చెప్పుకునేది, 2007లో కోర్టు ఆర్డర్ రాగానే అమెరికా అధికారులకి 12 సీడీల నిండా మెయిల్స్ చదివేలా విప్పి ఇచ్చింది. ఎలా కుదిరిందంటే తాళం వేసే పని వాళ్ళ సర్వర్ మీదే జరిగేది, మీరు పాస్‌వర్డ్ కొట్టిన క్షణం వాళ్ళకి తాళంచెవి దొరుకుతుంది. ఓనర్ దగ్గర డూప్లికేట్ తాళంచెవి ఉన్న అద్దె ఇల్లు లాంటిది, ఓనర్ మంచోడైనంత కాలం బానే ఉంటుంది.

ప్రోటాన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది, అందుకే దాని గురించి గొడవలు ఎక్కువ. 2021లో ఫ్రాన్స్ పోలీసులు ఒక క్లైమేట్ ఉద్యమకారుడి కోసం స్విట్జర్లాండ్ ద్వారా అడిగితే, స్విస్ ఆర్డర్ కాబట్టి ప్రోటాన్ ఆ ఎకౌంట్ ఐపీ అడ్రస్ (ఏ నెట్ కనెక్షన్ నుంచి వాడుతున్నారో చెప్పే నంబర్) లాగ్ చేసి ఇచ్చింది. అప్పటిదాకా వెబ్‌సైట్‌లో 'ఐపీ లాగ్స్ మేం పెట్టుకోం' అని రాసుకున్న మాటని తర్వాత మార్చుకున్నారు. 2024లో ఇంకోటి బయటికొచ్చింది, స్పెయిన్ పోలీసులు కాటలోనియా ఉద్యమంలో ఒకరి గురించి అడిగితే ప్రోటాన్ దగ్గర రికవరీ మెయిల్‌గా పెట్టుకున్న ఆపిల్ అడ్రస్ ఉంది, అది ఇచ్చారు, ఆపిల్‌ని అడిగితే మనిషి దొరికాడు. గమనించండి, రెండు కేసుల్లోనూ మెయిల్ లోపల రాసింది మాత్రం ఇవ్వలేదు, ఇవ్వలేరు కూడా. అంటే ప్రోటాన్ ఉత్తరాన్ని దాస్తుంది, ఉత్తరం రాసిన మనిషిని దాస్తానని మాత్రం హామీ లేదు. ఈ తేడా తెలిసి వాడితే మంచి సర్వీసే, తెలియకుండా వాడితే ఫ్రాన్స్ వాడి పరిస్థితే.

మీరు చేయాల్సింది సింపుల్. సర్వీస్ పేరు పక్కన 'కోర్ట్ ఆర్డర్', 'సబ్‌పీనా', 'పోలీస్' అని కొట్టి వెతకండి, ఎన్ని ఆర్డర్లు వచ్చాయో వాళ్ళే చెప్పే ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ చూడండి. అసలు ఒక్క కేసు కూడా దొరకకపోతే సంతోషించకండి, ఇంకా పరీక్ష రాయలేదని అర్థం.

ఇంకో ప్రశ్న కూడా అడగండి, డబ్బులు ఎవరిస్తున్నారు? సిగ్నల్ లాభాపేక్ష లేని ఫౌండేషన్, 2018లో వాట్సాప్ స్థాపించిన వాళ్ళలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ 5 కోట్ల డాలర్లు పెట్టాడు, 2025 నాటికి ఏడాదికి దాదాపు అంతే ఖర్చవుతుందని 2023లో వాళ్ళే లెక్క బయటపెట్టారు, మిగతాది విరాళాలు. ప్రోటాన్‌కి డబ్బు కట్టే కస్టమర్లు ఉన్నారు. ఫైర్‌ఫాక్స్ పరిస్థితి తమాషా, గూగుల్ నుంచి తప్పించుకోడానికి మనం వాడే బ్రౌజర్‌కి ఎక్కువ ఆదాయం గూగుల్ నుంచే వస్తుంది, డీఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు. దానివల్ల ఫైర్‌ఫాక్స్ చెడ్డదని కాదు, నేను అదే వాడతా, కానీ ఇన్‌స్టాల్ చేయగానే సెర్చ్ ఇంజిన్ మార్చాలి, లేకపోతే మారినట్టే కాదు.

మెయిల్ మార్చేటప్పుడు

నా ఇన్‌బాక్స్ ఒకసారి లెక్కేసి చూసుకున్నా, వచ్చే పది మెయిల్స్‌లో ఎనిమిదో తొమ్మిదో జీమెయిల్ నుంచో బ్యాంకు నుంచో షాపింగ్ సైట్ నుంచో వస్తాయి. అవి ప్రోటాన్‌కి వచ్చేదాకా మామూలు మెయిలే, వచ్చాక తాళం వేసి పెడతారు. పంపినవాడి వైపు కాపీ అలాగే ఉంటుంది, అంటే నేను స్విట్జర్లాండ్‌లో ఇల్లు కట్టుకున్నా నా ఉత్తరాల జిరాక్స్ కాపీలు గూగుల్ వాడి బీరువాలోనే ఉన్నాయి. రెండు వైపులా ప్రోటాన్ గానీ, పీజీపీ (మెయిల్‌కి తాళం వేసే ఒక పాత పద్ధతి) గానీ ఉంటేనే మామూలుగా చివరిదాకా తాళం, అదే ఎండ్ టు ఎండ్, మధ్యలో కంపెనీ కూడా తీయలేదు. అప్పుడు కూడా సబ్జెక్ట్ లైన్‌కి ఎండ్ టు ఎండ్ తాళం ఉండదు, కాబట్టి 'డాక్టర్ రిపోర్ట్ పాజిటివ్' లాంటివి సబ్జెక్ట్‌లో రాయకండి. జర్మనీ వాళ్ళ టుటా అయితే సబ్జెక్ట్‌కి కూడా తాళం వేస్తుంది, కాకపోతే పీజీపీ వాడదు కాబట్టి బయటి పీజీపీ వాళ్ళతో కలవదు. ఏదో ఒకటి వదులుకోవాలి.

మరి మార్చడం దండగా అంటే కాదు. మన మెయిల్‌బాక్స్ చదివి యాడ్స్ ప్రొఫైల్ కట్టే అవకాశం కంపెనీకి లేకుండా పోతుంది, రేపు వాళ్ళ సర్వర్ హ్యాక్ అయినా లోపలిది చదవడం కష్టం. ఆ మేరకు నిజమైన లాభమే.

మార్చేటప్పుడు కొన్ని చూసుకోండి. రికవరీ ఫ్రేజ్ (ఎకౌంట్ తిరిగి తెరవడానికి వాళ్ళిచ్చే పదాల వరస) కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఎందుకంటే పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే ఎకౌంట్ వస్తుంది గానీ ఆ ఫ్రేజ్ లాంటిదేదీ లేకపోతే పాత మెయిల్స్ తెరుచుకోవు, వాళ్ళు చదవలేరంటే మనం మర్చిపోయినా చదివి పెట్టలేరు అని కూడా అర్థం. పేరు బయటపడకూడని పని అయితే రికవరీ మెయిల్‌గా మీ జీమెయిల్ పెట్టకండి, స్పెయిన్ కథ చెప్పా కదా. అన్నిటికంటే ముఖ్యంగా మన దేశంలో ఇంకో చిక్కు ఉంది, 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ని బ్లాక్ చేయమని కేంద్రానికి ఆదేశం ఇచ్చింది, ఒక కంపెనీ తమ వాళ్ళకి అసభ్యమైన మెయిల్స్ వస్తున్నాయని వేసిన కేసులో. అంతకుముందు 2024లో చెన్నై స్కూళ్ళకి బాంబు బెదిరింపులు వచ్చినప్పుడు కూడా బ్లాక్ మాట వచ్చింది. అందుకే నా సలహా, ఆధార్, పీఎఫ్, బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇవి పాత మెయిల్ మీదే ఉంచండి. ప్రభుత్వానికి మీరెవరో ఎలాగూ తెలుసు, అక్కడ దాచేదేముంది? రేపు మెయిల్ తెరుచుకోకపోతే ఓటీపీ కోసం అల్లాడేది మనం. కొత్త మెయిల్‌ని మనుషులతో మాట్లాడుకోవడానికీ, షాపింగ్‌కీ, మెయిల్ ఐడీ అడిగే ప్రతి వెబ్‌సైట్‌కి ఒక్కో ఏలియాస్, అంటే మన మెయిల్‌కే వచ్చే మారు ఐడీ, ఇవ్వడానికీ వాడండి. ఏలియాస్ బాగా పనికొస్తుంది, ఎవడు మీ ఐడీ అమ్మేశాడో స్పామ్ వచ్చిన రోజే తెలిసిపోతుంది.

సెర్చ్, బ్రౌజర్

ఇన్‌కాగ్నిటో అంటే ఎవరికీ కనపడదు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది మీ ఇంట్లో వాళ్ళకి హిస్టరీ కనపడకుండా చేస్తుంది, అంతే. దీని మీదే అమెరికాలో 2020లో గూగుల్ మీద కేసు పడి, 2024లో సెటిల్‌మెంట్‌లో వందల కోట్ల బ్రౌజింగ్ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. రికార్డులు లేకపోతే చెరపడమేంటి, ఆలోచించండి.

డక్‌డక్‌గో సెర్చ్ వరకు నాకు నచ్చుతుంది, రిజల్ట్స్ ఎక్కువగా మైక్రోసాఫ్ట్ బింగ్ నుంచి తెస్తుంది, యాడ్స్ కూడా మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ నుంచే వస్తాయి, కానీ మీరు వెతికిన పదాన్ని బట్టి వస్తాయి, మీ పాత చరిత్రని బట్టి కాదు. సమస్య వాళ్ళ బ్రౌజర్‌లో వచ్చింది. 2022 మేలో ఒక రీసెర్చర్ చూస్తే గూగుల్, ఫేస్‌బుక్ ట్రాకర్లని (మనం ఏ సైట్లు చూస్తున్నామో వెంటాడే కోడ్) ఆపుతోంది గానీ వేరే సైట్లలో ఉన్న మైక్రోసాఫ్ట్ ట్రాకర్లు కొన్నిటిని వదిలేస్తోంది, ఎందుకయ్యా అంటే సెర్చ్ ఒప్పందంలో అలా ఉందన్నారు. గొడవయ్యాక ఆగస్టులో సరిచేశారు. బ్రేవ్ బ్రౌజర్‌ది ఇంకోటి, 2020లో అడ్రస్ బార్‌లో ఒక క్రిప్టో సైట్ పేరు కొడితే చివర్లో తమ కమిషన్ కోడ్ తగిలించేది, దొరికాక సీఈఓ తప్పయిందన్నాడు. రెండిటినీ వాడొద్దని కాదు నేను చెప్పేది, బయటివాళ్ళు కోడ్ చూడగలిగారు, ట్రాఫిక్ చూడగలిగారు, అందుకే దొరికారు. దొరకడానికి వీల్లేని వాటితోనే నాకు భయం.

తెలుగులో వెతికితే మాత్రం ఒప్పుకోవాలి, డక్‌డక్‌గో గూగుల్ అంత బాగా ఇవ్వదు, ఏదైనా పథకం అర్హత గురించో ఊరి పక్కన ఆసుపత్రి గురించో తెలుగులో కొడితే గూగుల్‌కే వెళ్ళాల్సి వస్తోంది. నేను ఇంగ్లీష్ సెర్చ్ డక్‌డక్‌గోలో, తెలుగు సెర్చ్ గూగుల్‌లో అని పెట్టుకున్నా, గూగుల్‌ని లాగిన్ లేకుండా వేరే బ్రౌజర్‌లో వాడతా.

సెటప్ ఇలా చేసుకోండి. ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి అందులో యాడ్స్‌నీ ట్రాకర్లనీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేయండి, ఆండ్రాయిడ్‌లో కూడా పనిచేస్తుంది, పేజీలు త్వరగా తెరుచుకుంటాయి, డేటా కూడా మిగులుతుంది, ప్రైవసీ సంగతి పక్కన పెట్టినా ఆ ఒక్కదానికే వేసుకోవచ్చు. జీమెయిల్, యూట్యూబ్ లాగిన్లు ఒక బ్రౌజర్‌లో, మిగతా తిరుగుళ్ళు ఇంకో బ్రౌజర్‌లో. ఒకే బ్రౌజర్‌లో గూగుల్‌కి లాగిన్ అయ్యి ఉండి సెర్చ్ మాత్రం డక్‌డక్‌గో పెట్టుకోవడం అంటే ముందు తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టడమే. అయ్యాక ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళ 'కవర్ యువర్ ట్రాక్స్' పేజీ తెరిచి టెస్ట్ నొక్కండి, మీ బ్రౌజర్ గుంపులో కలిసిపోతోందా, వేలిముద్రలా విడిగా కనపడుతోందా చెప్తుంది.

చాట్ యాప్‌లు

మన వాళ్ళలో పెద్ద అపోహ టెలిగ్రామ్. సినిమాలు, కోచింగ్ మెటీరియల్ అన్నీ అక్కడే దొరుకుతాయి కాబట్టి 'ఎవరికీ దొరకని యాప్' అని పేరు పడిపోయింది. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, 'సీక్రెట్ చాట్' అని విడిగా తెరిస్తేనే ఉంటుంది, గ్రూపులకి అసలు లేదు. అంటే ఆ మెసేజ్‌ల తాళంచెవి వాళ్ళ దగ్గర ఉంది. ఒక కోచింగ్ టీచర్ తన మెటీరియల్ పైరసీ అవుతోందని వేసిన కేసులో 2022లో ఢిల్లీ హైకోర్టు ఆర్డర్ మీద చానల్ అడ్మిన్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రస్‌లు ఇచ్చారు. 2024 ఆగస్టులో టెలిగ్రామ్ సీఈఓ పావెల్ దురోవ్ ఫ్రాన్స్‌లో అరెస్ట్ అయ్యాక, సెప్టెంబర్‌లో చట్టబద్ధంగా అడిగితే నంబర్, ఐపీ ఇస్తామని పాలసీలోనే రాసేశారు. కోర్టు పరీక్షలో వాట్సాప్ కంటే వెనక ఉన్న యాప్‌ని ప్రైవసీ కోసం వాడటం, ఏం చెప్పాలి.

వాట్సాప్‌లో మెసేజ్ లోపలిది 2016 నుంచి సిగ్నల్ ప్రోటోకాల్‌తోనే తాళం వేసి ఉంటుంది, అది నిజం. కానీ మీరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు అన్నది వాట్సాప్ ఓనర్ కంపెనీ మెటా దగ్గర ఉంటుంది, ఇంకా బ్యాకప్. బ్యాకప్‌కి తాళం మామూలుగా వేసి ఉండదు, 2021 నుంచి ఆప్షన్ ఇచ్చారు, మనమే ఆన్ చేయాలి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, అక్కడ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. ఇప్పుడే చేసేయండి, ఇది చదవడం కాసేపు ఆపి.

2025 సెప్టెంబర్‌లో జోహో వాళ్ళ అరట్టై ఒక్కసారిగా ఎగిసింది, మన దేశపు యాప్ అని మా గ్రూపుల్లో కూడా లింకులు తిరిగాయి. అప్పటికి కాల్స్‌కి ఎండ్ టు ఎండ్ ఉంది గానీ మెసేజ్‌లకి లేదు. ఏ దేశం యాప్ అన్నది వేరే ప్రశ్న, తాళంచెవి ఎవరి దగ్గర అన్నది వేరే ప్రశ్న, మన వాళ్ళు రెండిటినీ కలిపేస్తున్నారు. ఏ యాప్ అయినా ఇన్‌స్టాల్ చేసే రోజు ఆ ఒక్క సంగతి చెక్ చేసుకోండి, మాటలు మారుతుంటాయి.

సిగ్నల్ వేసుకుంటే ఇన్‌స్టాల్ చేసి వదిలేయకండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికి కనపడాలి అన్నచోట 'నోబడీ' పెట్టండి, 2024 నుంచి యూజర్‌నేమ్ ఇచ్చారు కాబట్టి నంబర్ చెప్పకుండా మాట్లాడొచ్చు. రిజిస్ట్రేషన్ లాక్ (మీ నంబర్‌తో మళ్ళీ రిజిస్టర్ చేయాలంటే పిన్ అడిగేది) ఆన్ చేయండి, దీనికి కారణం ఉంది, 2022లో సిగ్నల్‌కి ఎస్ఎంఎస్‌లు పంపే ట్విలియో అనే కంపెనీ మీద దాడి జరిగినప్పుడు దాదాపు 1,900 మంది నంబర్లు ప్రమాదంలో పడ్డాయి, ఆ లాక్ ఉంటే వేరేవాడు మీ నంబర్‌తో ఎకౌంట్ తెరవలేడు. లింక్డ్ డివైజెస్ చూసి తెలియని కంప్యూటర్ ఉంటే తీసేయండి. నోటిఫికేషన్‌లో పేరు, మెసేజ్ కనపడకుండా చేయండి.

డిసప్పియరింగ్ మెసేజెస్ కూడా పెట్టండి. ఎందుకో చెప్తా, 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్ళని ఆపి ఫోన్ తెరిపించి వాట్సాప్‌లో 'గంజాయి' అనే మాట వెతుకుతున్న వీడియో వైరల్ అయింది. అక్కడ ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది పాపం, లాక్ తీసి చేతిలో పెట్టాక? 2025 మార్చిలో అమెరికా మంత్రులే సిగ్నల్‌లో యెమెన్ దాడి గురించి మాట్లాడుకుంటూ ఆ గ్రూపులో పొరపాటున ఒక జర్నలిస్టుని చేర్చుకున్నారు. యాప్ తాళం చెక్కుచెదరలేదు, తలుపు తీసి పిలిచింది వాళ్ళే.

వీపీఎన్, అసలు మోసం ఎక్కువ ఇక్కడే

యూట్యూబ్‌లో ప్రతి వీడియోకి ముందు వీపీఎన్ యాడ్, హ్యాకర్ల నుంచి కాపాడుతుంది, బ్యాంకు భద్రం అని. బ్యాంకు సైట్‌కి ఎలాగూ హెచ్‌టీటీపీఎస్ తాళం ఉంటుంది. వీపీఎన్ చేసేది ముఖ్యంగా ఒకటే, మీరు ఏ సైట్లకి వెళ్తున్నారన్నది జియో, ఎయిర్‌టెల్ వాళ్ళకి కనపడకుండా చేసి వీపీఎన్ వాడికి కనపడేలా చేస్తుంది. నమ్మకం ఒకరి దగ్గర నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు, అంతే. ఆ ఇంకొకడు ఎవడో తెలియకపోతే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే.

ఇది ఊహ కాదు. ఒనావో అని ఫ్రీ వీపీఎన్ ఉండేది, 2013లో ఫేస్‌బుక్ కొనేసింది, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారా చూసి పోటీ యాప్‌ల మీద కన్నేసింది, 2018లో ఆపిల్ స్టోర్ నుంచి పోయింది. అవాస్ట్ యాంటీవైరస్ ట్రాకింగ్ ఆపుతామని చెప్పి, జనం బ్రౌజింగ్ డేటానే జంప్‌షాట్ అనే తమ కంపెనీ ద్వారా అమ్మింది, 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. నేను కూడా కాలేజీ రోజుల్లో ఒక ఫ్రీ వీపీఎన్ వాడా, పేరెందుకులెండి, అది తీసేసిన నెల తర్వాత కూడా బ్రౌజర్‌లో దాని సెర్చ్ పేజీ పోలేదు, చివరికి ఫోన్ ఫార్మాట్ కొట్టా.

మన దేశంలో ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చాయి, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, ఐపీలు, ఎందుకు వాడుతున్నారు అన్నది 5 ఏళ్ళు దాచాలని. దాంతో ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ లాంటివి ఇండియాలో ఉన్న సర్వర్లు ఎత్తేశాయి, కొన్ని సింగపూర్ లాంటి చోట సర్వర్ పెట్టి ఇండియా ఐపీ ఇస్తున్నాయి. కాబట్టి లోకల్ కంపెనీ 'నో లాగ్స్' అని బోర్డు పెడితే చట్టం ఒకటి చెప్తోంది, బోర్డు ఇంకోటి చెప్తోంది అని గుర్తుంచుకోండి.

గల్ఫ్‌లో ఉన్న మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకి ఒక మాట. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవని ఫ్రీ వీపీఎన్‌లు వేసుకుంటుంటారు, యూఏఈ చట్టంలో నేరానికి వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. ఇంటికి వీడియో కాల్ కోసం ఆ రిస్క్ వద్దు, అక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లు ఉన్నాయి, వాటికి డబ్బు కట్టడమే చవక.

మీకు వీపీఎన్ నిజంగా అవసరమా అంటే చాలామందికి కాదు. హాస్టల్ వైఫై మీదో ఆఫీసు నెట్ మీదో నమ్మకం లేకపోతే సరే, అప్పుడు ఆడిట్ అయినవి, డబ్బు తీసుకునేవి, కోర్టు పరీక్ష రాసినవి చూసి తీసుకోండి. అంత అక్కర్లేని వాళ్ళు ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వీస్) దగ్గర క్వాడ్9 గానీ యాడ్‌గార్డ్ గానీ వాళ్ళ సైట్‌లో ఇచ్చిన పేరు పెట్టుకుంటే చాలు, ఏదైనా యాప్ తెరుచుకోకపోతే ముందు అది ఆపి చూడండి. ఇక్కడ కూడా మీరు అడిగే సైట్ పేర్లు ఆ డీఎన్ఎస్ వాడికి కనపడతాయి, మళ్ళీ నమ్మకం మార్చడమే, కాకపోతే ఖర్చు లేదు.

ఏ వరసలో చేయాలి

ఒకే రోజు అన్నీ మార్చొద్దు, నాలాగా కనుమ నాడు కూర్చోబెట్టి మార్పించొద్దు. మొదటి ఆదివారం పర్మిషన్లు, గూగుల్ ఎకౌంట్ సెట్టింగ్స్, వాట్సాప్ బ్యాకప్ తాళం. తర్వాత వారం బ్రౌజర్, యూబ్లాక్. ఆ తర్వాత ఒక పాస్‌వర్డ్ మేనేజర్, బిట్‌వార్డెన్ ఫ్రీగానే బాగుంటుంది, అన్ని సైట్లకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకుని ప్రైవసీ గురించి మాట్లాడితే నవ్వొస్తుంది. మెయిల్ చివర్లో, నెలలు పడుతుంది, పడనివ్వండి. ఫోన్‌లో ఉన్న సిస్టమ్ తీసేసి వేసుకునే గ్రాఫీన్ఓఎస్ లాంటి వేరే ఆండ్రాయిడ్‌లు పిక్సెల్ ఫోన్ ఉన్నవాళ్ళకి, ఓపిక ఉన్నవాళ్ళకి, కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయించొచ్చు, రెండో ఫోన్ లేకుండా దిగకండి.

మా ఇంట్లో ఇప్పుడు ఎలా ఉందంటే, ఫ్యామిలీ గ్రూపు వాట్సాప్‌లోనే ఉంది, గుడ్ మార్నింగ్‌లు, పెళ్ళి పత్రికలు అన్నీ అక్కడే, వాటిని మెటా చూసినా మాకు పోయేదేం లేదు. ఆధార్, పాన్, మెడికల్ రిపోర్టులు, పాస్‌బుక్ ఫొటోలు మాత్రం అమ్మ, నేను, చెల్లి ముగ్గురం సిగ్నల్‌లో పంపుకుంటాం, ఒక రోజుకి మాయమయ్యేలా పెట్టి. ఆధార్ కూడా మాస్క్‌డ్‌ది, చివరి నాలుగు అంకెలే కనపడేది, యూఐడీఏఐ సైట్‌లో ఫ్రీగా దిగుతుంది. బాబాయ్ మొన్న వాళ్ళ పొలం పాస్‌బుక్ పంపడానికి తనంతట తనే సిగ్నల్ మళ్ళీ వేసుకున్నాడు, రిజిస్ట్రేషన్ లాక్ పిన్ ఏం పెట్టాలి అని ఫోన్ చేసి అడిగాడు, నాకు చెప్పొద్దు బాబాయ్ నువ్వే పెట్టుకో అన్నా, అయినా చెప్పేశాడు.